ఒడ్డు మీద నుంచి క్రాపీ పట్టడానికి కొన్న సామాను: ఏది పనికొచ్చింది, ఏది దండగ

నాకు పడవ లేదు, కొనే ఉద్దేశం కూడా లేదు. డాలస్ చుట్టుపక్కల, అంటే ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ వైపు ఉంటూ, మార్చి ఏప్రిల్ నెలల్లో ఆఫీసు అయ్యాక ఓ రెండు గంటలు లేక్ గట్టు మీద నిలబడి నాలుగు చేపలు పట్టుకుందాం అనుకునే మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. యూట్యూబ్‌లో చూస్తే క్రాపీ, అంటే ఇక్కడి లేకుల్లో దొరికే చిన్న మంచినీటి చేప, అనగానే ఒక పెద్ద పడవ, దానికి మూడు స్క్రీన్లు, చుట్టూ పది రాడ్లు కనిపిస్తాయి, అది చూసి ఇది మనవల్ల అయ్యే పని కాదులే అనుకుంటాం. ఏడాదిలో మిగతా నెలల్లో ఆ మాట చాలావరకు నిజమే, ఎందుకంటే ఎండాకాలంలో, చలికాలంలో ఇవి లోతు నీళ్ళలో మునిగిన చెట్ల దగ్గర గుంపుగా ఉంటాయి, ఒడ్డు నుంచి విసిరితే అందవు. వసంతంలో మాత్రం గుడ్లు పెట్టడానికి అవే మన కాళ్ళ దగ్గరకి వస్తాయి.

నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి వచ్చినప్పటి నుంచి సుమారు 68 దాకా అసలైన సీజన్. థర్మామీటర్ లేకపోయినా ఫర్వాలేదు, రోడ్ల పక్కన రెడ్‌బడ్ చెట్లు గులాబీ రంగులో పూస్తే మనకి టైమ్ వచ్చినట్టే, దాదాపుగా ఉగాది రోజులు. మగ చేప ముందు వచ్చి రెండడుగుల నుంచి ఆరడుగుల లోతులో చోటు చూసుకుంటుంది, ఒళ్ళంతా నల్లబడుతుంది, గుడ్లకి కాపలా కూడా అదే కాస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. మధ్యలో ఒక చలిగాలి వచ్చి రాత్రికి రాత్రి టెంపరేచర్ పడిపోతే అన్నీ మళ్ళీ లోతుకి జారుకుంటాయి. అలాంటి మర్నాడు ఆకాశం ఎంత నీలంగా, ఎంత ముచ్చటగా ఉన్నా సరే, ఇంట్లో పడుకోండి.

ఇక సామాను సంగతి. నేను కొన్నవాటిల్లో అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా చవకైనది కూడా, బెండు. అదీ స్లిప్ బాబర్. వాల్‌మార్ట్‌లో దొరికే ఎర్ర తెలుపు గుండ్రటి బెండు ఉంది చూశారూ, దాన్ని లైన్‌కి ఒకచోట బిగించేయాలి. ఎర ఐదడుగుల లోతులో ఉండాలంటే బెండు కింద ఐదడుగుల లైన్ వేలాడుతుంటుంది, చిన్న రాడ్‌తో దాన్ని విసరడం ఎలా? వెనక ఉన్న కొమ్మకి చుట్టుకుంటుంది, లేదా పక్కనున్నాయన టోపీకి. స్లిప్ బాబర్‌లో లైన్ బెండు మధ్యలోని గొట్టంలోంచి జారుతుంది. పైన లైన్‌కి ఒక చిన్న దారం ముడి, దాని కింద ఒక పూస, తర్వాత బెండు, కింద సీసం గుండు, చివర గాలం. విసిరేటప్పుడు బెండు సీసం దాకా జారి కూర్చుంటుంది, ముడి రీల్‌లోకి చుట్టుకుపోతుంది, అంతా ఒక ముద్దగా ఎగిరి వెళ్తుంది. నీళ్ళలో పడ్డాక ఎర బరువుకి లైన్ జారుతూ జారుతూ ముడి వచ్చి పూసకి తగిలి ఆగుతుంది. లోతు మార్చాలంటే ఆ ముడిని వేలితో పైకో కిందికో జరపడమే, పది సెకన్ల పని.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, క్రాపీ పట్టడంలో లోతుదే పెత్తనం. ఈ చేప పైకి చూసి తింటుంది. ఎర దాని ముఖం ముందో, కొంచెం పైనో ఉంటే వస్తుంది, అడుగు కిందికి పోయిందంటే చాలాసార్లు పట్టించుకోదు. అందుకని రెండడుగులతో మొదలుపెట్టి కాసేపు చూసి, ఏమీ లేకపోతే అరడుగు అరడుగు దించుకుంటూ పోవాలి. ఒకటి పడగానే ముడి ఎక్కడుందో అక్కడే ఉంచండి, దాన్ని ఇక ముట్టుకోవద్దు. నా పక్కన నిలబడి ఖరీదైన రాడ్‌తో, నాలుగు రంగుల ఎరలు మార్చి మార్చి వేస్తూ, బెండుని మాత్రం మొదట పెట్టిన చోటే ఉంచేసి విసుక్కునేవాళ్ళని ప్రతి సీజన్‌లోనూ చూస్తాను.

కొనేటప్పుడు సన్నగా, పొడుగ్గా పెన్సిల్‌లా ఉండే రకం తీసుకోండి. థిల్ వాళ్ళవి నేను వాడతాను, బాగున్నాయి, గొట్టం నున్నగా ఉండి లైన్ తడబడకుండా జారుతుంది. లావుపాటి బెండు నీళ్ళలో గట్టిగా తేలుతుంది, చేప లాగినప్పుడు ఆ బరువు తెలిసిపోయి వదిలేస్తుంది. సన్నదానికి సీసం సరిపడా తగిలించి, కొన మాత్రమే పైకి కనిపించేలా సర్దుకోవాలి. ఇంకో విషయం, క్రాపీ ఎర నోట్లో పెట్టుకుని పైకి లేస్తే బెండు మునగదు, నిలబడి ఉన్నది పక్కకి వాలి పడుకుంటుంది. మునిగేదాకా ఆగాలనుకునేవాళ్ళకి అది గాలి అనిపిస్తుంది. గాలి కాదు, చేపే. వెంటనే ఎత్తండి, కానీ గట్టిగా గుంజకండి. దీని పెదవి చుట్టూ చర్మం కాగితంలా పల్చన, మన ఊళ్ళో కొర్రమీనుని లాగినట్టు లాగితే చిరిగి చేప పోతుంది, గాలం ఒక్కటే గాల్లోకి వస్తుంది. మణికట్టు కొంచెం పైకి తిప్పితే చాలు. అదే కారణానికి చేపని లైన్‌తో గట్టు మీదకి ఎగరేసి లాగకుండా ఒక పొడుగు పిడి వల ఉంటే మంచిది, ముఖ్యంగా డాక్ మీద నుంచి పట్టేటప్పుడు.

రాడ్ల విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. అందరూ ఆరడుగులో ఏడడుగులో ఉండే లైట్ స్పిన్నింగ్ రాడ్ ఒకటి కొనమంటారు, అది కరెక్టే, మొదటిసారి కొనేవాళ్ళకి అది చాలు, దానితో మిగతా చేపలు కూడా పట్టొచ్చు. అగ్లీ స్టిక్ లాంటివి పిల్లలు తొక్కినా, కారు డోర్‌లో పడినా బతుకుతాయి. కానీ ఒడ్డున క్రాపీ ఉండేది ఖాళీ నీళ్ళలో కాదు. నీళ్ళలోకి వంగిన పొదల్లో, నీళ్ళు పెరిగినప్పుడు మునిగిన తుప్పల్లో, రాళ్ళ గట్టు సందుల్లో ఉంటుంది. అక్కడికి విసిరితే రెండోసారికే ఇరుక్కుంటుంది. అలాంటి చోట పది పన్నెండు అడుగుల గడ ఉంటే విసరాల్సిన పనే లేదు, చేయి చాచి పొద మధ్యలో ఉన్న చిన్న ఖాళీలోకి ఎరని నిలువుగా దించడమే. చిన్నప్పుడు వెదురు గడతో కాలవ గట్టున కూర్చున్నవాళ్ళెవరికైనా ఈ పని కొత్తగా నేర్పక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన పన్నెండడుగుల మడత గడ ఒకటి కొన్నాను. కంపెనీ పేరు రాయను, అలాంటివి వంద పేర్లతో ఒకే సరుకు అమ్ముతున్నారు. ఒక సీజన్ మధ్యలో పై రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి బిగుసుకుపోయాయి, ఇసుక చేరిందేమో, తిప్పి లాగితే కొన విరిగింది. రిటర్న్ టైమ్ దాటిపోయిందన్నారు, వాళ్ళు రాసిన వారంటీ అనే మాటకి అర్థం మాత్రం ఎవరూ చెప్పలేదు. మడత గడ అనే ఆలోచన బాగుంది, కారులో పడుతుంది, అయితే కొనేటప్పుడు కొన ముక్క విడిగా దొరుకుతుందో లేదో చూసుకుని కొనండి. దాని తర్వాత రెండు ముక్కల జిగ్ పోల్‌కి, అంటే ఎరని ఇలా నిలువుగా దించడానికే చేసిన గడకి, మారాను. మిసిసిపీలో వెస్ట్ పాయింట్ అనే ఊళ్ళో బీ ఎన్ ఎమ్ అని క్రాపీ గడలకి పేరున్న కంపెనీ ఉంది, వాళ్ళ బక్స్ గ్రాఫైట్ జిగ్ పోల్ పది అడుగులది. తేలిక, రెండు గంటలు పట్టుకున్నా చేయి లాగదు, చేప ముక్కుతో తాకినా అరచేతికి తెలుస్తుంది. ఒడ్డు మీద క్రాపీకి నేను ఒకే రాడ్ ఉంచుకోవాలంటే ఇదే ఉంచుకుంటాను.

దీనికంటే బలమైన రాడ్ ఎందుకు అక్కర్లేదంటే, మనకి పడేవి ఎక్కువగా అరపౌండు నుంచి పౌండు దాకా ఉంటాయి. క్రాపీలో ఒక రకమైన వైట్ క్రాపీ వరల్డ్ రికార్డే 5 పౌండ్ల 3 ఔన్సులు, 1957లో మిసిసిపీలోని ఈనిడ్ డ్యామ్ దగ్గర పట్టింది. అంతకు మించింది మీకు పడితే రాడ్ విరిగినా బాధుండదు.

లైన్ ఆరు పౌండ్ల బరువు ఆపే మోనో, అంటే ఒంటి పోగు నైలాన్ దారం. నాలుగు పౌండ్లది ఇంకా సన్నగా ఉంటుంది కానీ తుప్పల్లో తెగుతుంది. గాలం మాత్రం అబెర్డీన్ అనే సన్నని తీగ రకం, నాలుగో నంబరు లేదా రెండో నంబరు తీసుకోండి. ఇది పలుచగా ఉంది, వంగిపోతుంది అని షాపులో పక్కన పెట్టేయకండి, వంగడమే దాని గొప్ప. కొమ్మకి తగులుకున్నప్పుడు నెమ్మదిగా లాగితే లైన్ తెగకముందే గాలం సాగి బయటికి వస్తుంది, పట్టకారుతో మళ్ళీ వంచుకుని పని కానివ్వొచ్చు. మందపాటి గాలాలు వాడితే సాయంత్రానికి డబ్బా ఖాళీ.

ఎర. ఇక్కడ రెండు పార్టీలు. బతికున్న మిన్నో, అంటే ఎరకి వాడే చిన్న చేప, తప్ప ఇంకేదీ ముట్టని పెద్దలు ఒకవైపు, ప్లాస్టిక్ జిగ్, అంటే సీసం తల ఉన్న గాలానికి గుచ్చే బొమ్మ ఎర, వాడేవాళ్ళు ఒకవైపు. నేను రెండూ వాడతాను, రెండిటికీ వాటి వాటి రోజులున్నాయి. మార్చి మొదట్లో నీళ్ళింకా చల్లగా ఉండి చేప మందకొడిగా ఉన్నప్పుడు మిన్నోని మించింది లేదు, దాని పాటికది కదులుతుంది, మనం చేయాల్సిందేమీ లేదు. పెదవుల గుండానో, వీపు మీద రెక్క కిందనో గుచ్చాలి, వెన్నెముకకి తగలకుండా. కష్టమంతా వాటిని బతికించడంలోనే ఉంది. బ్యాటరీ పంపు ఉన్న బకెట్ తప్పదు. ఎండలో కారు డిక్కీలో పెట్టి కిరాణా షాపుకి వెళ్ళొచ్చారా, సగం చచ్చి తేలుతుంటాయి.

నేను వెళ్ళే దారిలో ఒక బెయిట్ షాపు ఉంది. పేరెందుకులెండి, చెప్పేది మెచ్చుకోలు కాదు. డజను అని లెక్కేసి ఇస్తారు, వల ఒక్క ముంపు ముంచి తీసి బకెట్‌లో పోస్తారు, అది డజనుకి ఎక్కువే ఉంటుంది, ఆ విషయంలో దొడ్డ మనసే. కానీ అందులో మూడో వంతు అప్పటికే పొట్ట తిప్పేసి ఉంటాయి. అడిగితే, చల్లనీళ్ళ తొట్టిలోంచి వచ్చాయి కదా కాసేపట్లో లేస్తాయి అంటారు. లేవవు. ఇప్పుడు నేను కౌంటర్ దగ్గరే బకెట్‌లో చూసి చచ్చినవి అక్కడే వెనక్కిచ్చి మార్పించుకుంటున్నాను, వాళ్ళకి నచ్చదు, అయినా మారుస్తారు. పొద్దున్నే వెళ్తే సరుకు బాగుంటుంది. శనివారం సాయంత్రం తొట్టి అడుగున మిగిలినవి కొనకండి.

ఇక ప్లాస్టిక్‌లో బాబీ గార్లండ్ బేబీ షాడ్. రెండంగుళాల మెత్తటి పిల్లచేప బొమ్మ, ప్యాకెట్‌కి 18, వెనకాల సూది లాంటి తోక. మనం చేయి కదపకపోయినా నీళ్ళ చిన్న అల కదలికకే ఆ తోక వణుకుతుంది, బెండు కింద వేలాడదీయడానికి అచ్చంగా సరిపోయింది. మంకీ మిల్క్ అనే రంగు ఒకటి ఉంది, పాలలో మెరుపు కలిపినట్టుంటుంది, నీళ్ళు తేటగా ఉన్న రోజుల్లో నా చేయి ముందు దానిమీదికే పోతుంది. వానలు పడి నీళ్ళు మట్టిరంగుకి తిరిగితే నలుపు, నిమ్మపచ్చ కలిపిన రంగేదైనా వేయండి. ఈ రెండు రంగులు ఉంటే చాలు. డెబ్బై రంగులు గోడకి వేలాడదీసేది చేపల కోసం కాదు, మన కోసం.

జిగ్ హెడ్ 1/16 ఔన్స్ లేదా 1/32. గాలి ఉంటే మొదటిది, లేకపోతే రెండోది, అది నెమ్మదిగా దిగుతుంది. దీంట్లో ఒక కిటుకు ఉంది, ఎవరూ ప్యాకెట్ మీద రాయరు. జిగ్ కన్నానికి లైన్ కట్టిన ముడి ఆ కన్నం ముందు భాగంలోకి జారితే జిగ్ ముక్కు పైకి, తోక కిందికి వేలాడుతుంది. బతికున్న చేప ఎక్కడైనా అలా నిలబడుతుందా? ముడిని వేలితో కన్నం పైభాగానికి జరిపి, జిగ్ నేలకి సమాంతరంగా నిలిచేలా చూసుకోండి. చేప పడిన ప్రతిసారీ ముడి జరుగుతుంది, ప్రతిసారీ సర్దాలి. దీనికి తోడు బర్క్‌లీ క్రాపీ నిబుల్స్ అని చిన్న బిళ్ళల డబ్బా ఉంది, గాలం మొనకి ఒకటి గుచ్చితే వాసనకి చేప ఎరని ఇంకో సెకను ఎక్కువసేపు నోట్లో ఉంచుకుంటుంది, ఆ సెకనే కదా మనకి కావాల్సింది. వాసన మాత్రం ఘోరం. డబ్బా మూత గట్టిగా పెట్టి, జిప్ కవర్లో వేసి, ఆ కవర్‌ని ఇంకో కవర్లో వేసి, అప్పుడు కారులో పెట్టండి.

ఏప్రిల్‌లో నీళ్ళు వేడెక్కాక నేను మిన్నోలు కొనడమే మానేస్తాను, ప్లాస్టిక్ చాలు. గూడు కాస్తున్న మగచేపకి ఆకలితో పనిలేదు, దగ్గరికి ఏది వచ్చినా తరమడానికి కొరుకుతుంది. ఆ రోజుల్లో సులువుగా పడతాయి కదా అని సంచులు నింపేవాళ్ళున్నారు. రూల్ ప్రకారం టెక్సస్‌లో మనిషికి రోజుకి 25, కనీసం 10 అంగుళాలు, వైట్ క్రాపీ, బ్లాక్ క్రాపీ అన్నీ కలిపి. రెండిటికీ తేడా చూడాలంటే వీపు రెక్కలో ముళ్ళు లెక్కపెట్టండి, వైట్‌కి ఐదారు, బ్లాక్‌కి ఏడెనిమిది ఉంటాయి, రంగు చూసి నమ్మొద్దు, మగది నల్లబడుతుందని ముందే చెప్పాను కదా. లిమిట్ 25 అని 25 తీసుకెళ్ళాలని లేదు. మా ఇంట్లో ఆరో ఏడో అయితే ఒక పూట గడిచిపోతుంది, మిగతావి వదిలేస్తాను. కొలత టేపు స్టిక్కర్ ఒకటి డాలరో రెండో, బకెట్‌కి అంటించుకోండి, నోరు మూసి తోక దగ్గరికి నొక్కి కొలవాలి. తొమ్మిదిన్నర అంటే తొమ్మిదిన్నరే, తనిఖీకి వచ్చే గేమ్ వార్డెన్ దగ్గర మన బేరాలు నడవవు.

లైసెన్స్ విషయంలో చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. మామూలు ఫ్రెష్‌వాటర్ ప్యాకేజీ 30 డాలర్లు, కానీ అది ఆగస్టు 31తో అయిపోతుంది, మార్చిలో కొంటే ఆరు నెలలు కూడా రాదు. 47 డాలర్లకి కొన్న రోజు నుంచి ఏడాది నడిచేది ఉంది, అందులో సముద్రం కూడా కలిపే, గాల్వెస్టన్ వెళ్ళినప్పుడు పనికొస్తుంది. 17 ఏళ్ళ లోపు పిల్లలకి అసలు అక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చినప్పుడు ఏం చేయాలని అడుగుతుంటారు. సింపుల్, స్టేట్ పార్క్‌కి తీసుకెళ్ళండి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి చేపలు పట్టడానికి ఎవరికీ లైసెన్స్ అక్కర్లేదు, గేటు దగ్గర ఎంట్రీ ఫీజు కడితే చాలు, 12 ఏళ్ళ లోపు పిల్లలకి అదీ లేదు. మనకి దగ్గర్లో రే రాబర్ట్స్ లేక్ ఉంది, అందులో ఐల్ డు బాయ్ వైపు, జాన్సన్ బ్రాంచ్ వైపు రెండు భాగాలు. చాలా పార్కుల్లో రాడ్, గాలాలు ఉచితంగా అరువిచ్చే పథకం కూడా ఉంది, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఎండ కాసిన శనివారాల్లో పార్క్ నిండిపోయి గేటు దగ్గర వెనక్కి పంపిస్తారు, ఆన్‌లైన్‌లో డే పాస్ ముందే బుక్ చేసుకోవాలి. ఈ పార్క్ సర్వీసుకి నేను ఐదుకి ఐదు ఇస్తాను. మామగారికి గడ చేతికిచ్చి కుర్చీ వేసి కూర్చోబెడితే చాలు, టీవీ లేదు, ఊసుపోవట్లేదు అన్న మాటే ఉండదు.

రే రాబర్ట్స్, లూయిస్‌విల్ రెండు లేకుల్లోనూ జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పల బెడద ఉంది. తిరిగి వెళ్ళేటప్పుడు బకెట్‌లో లేక్ నీళ్ళు ఒక్క చుక్క లేకుండా అక్కడే పారబోయాలి, పడవ ఉన్నవాళ్ళకైతే ఇది చట్టమే. రాళ్ళ గట్టు మీద వట్టి కాళ్ళతో దిగకండి, ఆ చిప్పలు బ్లేడులా కోస్తాయి. గడ్డిలో పాములు కూడా వసంతంలోనే బయటికొస్తాయి, పిల్లలు ముందు పరిగెత్తకుండా చూసుకోండి.

దండగ అనిపించినవి: లైన్‌కి కట్టి విసిరే సోనార్ బంతి, ఫోన్‌లో చేపలు చూపిస్తుందట. నాలుగడుగుల నీళ్ళలో అది చూపించేది ఏముంది, పొద కళ్ళ ముందే ఉంది. నీళ్ళలో దిగడానికి వేసుకునే, నడుము దాకా వచ్చే వేడర్లు కూడా అంతే, లోపలికి దిగితే గట్టు దగ్గర ఉన్న చేపల్ని మనమే తరిమేస్తాం.

వంట దగ్గరికి వస్తే, కత్తి మంచిది ఉండాలి. రపాలా వాళ్ళ చెక్క పిడి ఫిలే కత్తి ఆరంగుళాలది తీసుకోండి, పెద్దది అక్కర్లేదు. అమెరికన్లు రెండు పక్కలా కండ కోసుకుని మిగతాది పారేస్తారు, మొక్కజొన్న పిండిలో దొర్లించి నూనెలో వేయిస్తారు. పిల్లలకి అదే నయం, ముళ్ళ భయం లేదు. నాకైతే పొలుసు గీకి, తలతీసి, రెండు వైపులా గాట్లు పెట్టి, కారం, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, కాస్త నిమ్మరసం పట్టించి పెనం మీద వేపుకోవడమే ఇష్టం. పులుసుకి మాత్రం ఇది అంతగా నప్పదు. కండ మరీ మెత్తన, బొచ్చెలా నిలబడదు, గరిటె తగిలితే విడిపోతుంది. పెట్టి తీరాలంటే పులుసు పూర్తిగా మరిగి చిక్కబడ్డాక ముక్కలు వేసి, ఐదు నిమిషాల్లో దించేసి, గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకుని తిప్పండి.